సన్మానపు దిమ్మె

డబ్బా బోర్లించగానే జారి వచ్చిన ఐసు దిమ్మె నడుమ, బంతిపూల దండ ఉండాల్సిన చోట, చెప్పుల దండ కనిపించింది.

గొలుసు లాగుతున్న కూలీ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. డబ్బా ఊగుతూ ఒకసారి కీచుమంది. అమ్మోనియా ఘాటు తప్ప అక్కడ ఇంకేమీ కదల్లేదు.

మాణిక్యాంబ ఒక అడుగు ముందుకు వేసింది. దిమ్మె చెక్క పలకల మీద పొడుగ్గా పడి పొగలు కక్కుతోంది. చుట్టూ అద్దంలాంటి ఐసు. లోపల, సరిగ్గా మధ్యలో, నీలం పట్టీల హవాయి చెప్పులు. నైలాను తాడుకి ఒకదాని కింద ఒకటి గుచ్చి ఉన్నాయి. ఎల్లుండి ఉపాధ్యాయ దినోత్సవానికి స్టేజీ మీద, ఆమె కుర్చీ పక్కన నిలబెట్టాల్సిన దిమ్మె అది. ఏటా సెప్టెంబరు అయిదున ఈ ఐసు ఫ్యాక్టరీ ఒక మంచి ఉపాధ్యాయుడికి సన్మానం చేస్తుంది. పూలు లోపల పెట్టి గడ్డకట్టించిన దిమ్మె, శాలువా, వీధి వీధి నుంచీ ఒక కానుక. ఈ ఏడు ఆమె వంతు.

"అయ్యయ్యో! ఏంటండి ఇది!" ఫ్యాక్టరీ యజమాని పల్లంరాజు తెల్ల పంచె ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "మీ దిమ్మె తీస్తున్నాం, చూద్దురుగాని రండి అని పొద్దున్నే పిలిపించాను కదండి. ఇది చూపించడానికా నేను పిలిచింది! ఎవర్రా? ఎవడ్రా చేసింది?"

పల్లంరాజు గిర్రున తిరిగాడు. ఐసు మేస్త్రి హరిబాబు చెంప ఛెళ్ళుమంది.

"నీ కొడుకు పదో తరగతి ఫెయిలయ్యాడని కాదట్రా! నా ఉప్పు తింటూ నా ఇంటికొచ్చే అతిథికి ఇది చేస్తావా? పో! రేపట్నుంచి గేటు దాటి లోపలికి రాకు!"

హరిబాబు యాభై దాటిన మనిషి. చెంప మీద చెయ్యి వేసుకున్నాడు. చేతి వేళ్ళు డబ్బాలు ముంచే ఉప్పునీళ్ళకు తెల్లగా చీలికలు పడి ఉన్నాయి. యజమాని వంక చూడలేదు. నేల చూశాడు. భుజం మీది తువాలు తీసి దులుపుకుని, వెళ్ళిపోయాడు.

"ఆగండి, అతనే చేశాడని ఎవరు చూశారు?" అంది మాణిక్యాంబ.

"ఇంకెవరండి? ఐసు కట్టే తొట్టి దగ్గర మేస్త్రి వాడేగా." పల్లంరాజు చేతులు జోడించాడు. "టీచరుగారండి, మీ మొహం ఎలా చూడను చెప్పండి? మీకు మనసు కష్టంగా ఉంటే ఆపేద్దామంటే ఆపేద్దాం. మీరు రానన్నా నేనేమీ అనుకోను. మీ మాటే మా మాట. ఒరేయ్, దీన్ని తీసుకెళ్ళి కాలవలో పారెయ్యండ్రా!"

"పారెయ్యకండి. ఊక వేసి రిక్షా మీద బడికి పంపించండి."

"బడికా?"

"నేను చెప్పేది సైన్సు కదండి. కరిగేదాకా పిల్లలకి పనికొస్తుంది."

పల్లంరాజు ఊక తెమ్మని సైగ చేశాడు. కాదని చెప్పడం ఆయనకు చేతకాదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

*

రిక్షా ముందు, మాణిక్యాంబ వెనక. ఊక సందుల్లోంచి నీళ్ళు కారి రోడ్డు మీద సన్నటి గీత పడుతోంది. గుమ్మాల్లో ఆడవాళ్ళు చీపుళ్ళు పట్టుకుని నిలబడిపోయారు. ఊక చాటున నీలం పట్టీలు కనిపించినవాళ్ళు పక్కవాళ్ళ చెవుల్లో ఏదో చెప్పారు. ఒకామె పైట నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు.

కాఫీ హోటలు అరుగు మీద పెద్దిరాజు కూర్చుని ఉన్నాడు. రొయ్యల చెరువుల ఆసామి. ఈ చుట్టుపక్కల ఏ చెరువు పట్టుబడికి ఎవరి ఐసు కొనాలో చెప్పేది ఆయనే.

"ఏవండీ టీచరుగారూ, సన్మానం ఎల్లుండి కదా! ఊరేగింపు అప్పుడే మొదలెట్టేశారేంటండి?"

అరుగు మీద అందరూ గొల్లుమన్నారు.

"దండ బావుందండి. పాపం, మెళ్ళో వేసుకోడానికి లేకుండా ఐసులో పెట్టేశారు."

మాణిక్యాంబ ఆగింది. రిక్షావాడూ ఆగాడు.

"మీ అబ్బాయిని సాయంత్రం పూట పంపించమన్నానండి. జూన్‌లో చెప్పాను. ఇంకా రాలేదు."

పెద్దిరాజు నవ్వు మొహం మీదే గడ్డకట్టింది. "పంపిస్తే ఏం చేస్తారండి? మార్చిలో పరీక్షలు జరుగుతుంటే కిటికీ కింద కుర్చీ వేసుకు కూర్చున్నారు. ఒక్క స్లిప్పు లోపలికి పోనివ్వలేదు. మీకెందుకండి? మీకు డ్యూటీ వేశారా? ప్రతి ఊళ్ళోనూ అందిస్తున్నారు, ప్రతి ఊళ్ళోనూ పాసవుతున్నారు. మా ఊళ్ళో మాత్రం సగం మంది ఇళ్ళల్లో కూర్చున్నారు. మావాడు చెరువు గట్టు మీద మేత చల్లుతున్నాడు, మీ పుణ్యమా అని."

"వస్తే పాసు చేయిస్తాను."

"మళ్ళీ మార్చిలో కిటికీ కింద కూర్చుంటారా?"

"కూర్చుంటాను."

"అయితే చెప్పులు చాలవండి," అన్నాడు పెద్దిరాజు, చాలా మర్యాదగా.

బడి వరండాలో దిమ్మె దించుతుండగా హెడ్మాస్టరు నాగేశ్వరప్రసాద్ గదిలోంచి వచ్చాడు. దాన్ని ఒకసారి చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. లోపలికి రమ్మని సైగ చేశాడు.

"చూడండి మాణిక్యాంబగారూ. మిమ్మల్ని బదిలీ చెయ్యమని ఊరివాళ్ళు జిల్లా ఆఫీసుకి అర్జీ పెట్టారు. అక్కణ్ణించి నన్నడుగుతున్నారు. మీ అంతట మీరే కోరుకున్నట్టు ఒక కాయితం రాసివ్వండి, మర్యాదగా పోతుంది."

"పదో తరగతి సగంలో ఉందండి."

"పదో తరగతికి మీరే అక్కర్లేదంటున్నారుగా." ఆయన గొంతు తగ్గించాడు. "ఎల్లుండి మీరు ఆ కుర్చీలో కూర్చోకపోతే తప్పు ఒప్పుకున్నట్టే. నేను అదే రాసి పంపాలి. కూర్చుంటే మాత్రం ఏమవుతుందో చూశారు. ఇవాళ ఐసులో పెట్టారు. ఎల్లుండి విసురుతారు."

"విసరనివ్వండి. నేను వెళ్ళడం మాత్రం ఖాయం."

ఆ రోజు పదో తరగతి పాఠం వరండాలోనే జరిగింది. పిల్లలు దిమ్మె చుట్టూ గొంతుక్కూర్చున్నారు. మొదట ఎవరూ తలెత్తలేదు. టీచరు మొహం చూడడానికి వాళ్ళకే సిగ్గుగా ఉంది.

"రబ్బరు చెప్పు నీళ్ళలో మునుగుతుందా, తేలుతుందా?"

"తేలుద్దండి."

"మరి ఇవి తేలలేదేం? సరిగ్గా మధ్యలో ఎందుకున్నాయి?"

వెనకనుంచి ఒక పిల్ల చెప్పింది. "ఐసు డబ్బా గోడల దగ్గర ముందు కడుతుందండి. లోపలికి లోపలికి వస్తుంది. మధ్యలో నీళ్ళు ఆఖర్న గడ్డకడతాయి. మనం ఫ్యాక్టరీకి వెళ్ళినప్పుడు చూశాం కదండి, మధ్య నీళ్ళు తోడేసి మంచినీళ్ళు పోస్తారు."

"అంటే?"

"అంటే... ఎవరో మధ్యలో ఇరుకు గొయ్యి మిగిలేదాకా ఆగి, అప్పుడు దింపి ఇరికించారండి."

"కోపం వచ్చి చప్పున చేసిన పని కాదన్నమాట," అంది మాణిక్యాంబ. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద డబ్బా బొమ్మ గీసింది. పాఠం అయ్యాక మాత్రం స్టాఫ్ రూములోకి వెళ్ళి గ్లాసుడు నీళ్ళు తాగి, ఖాళీ గ్లాసు చాలాసేపు పట్టుకునే కూర్చుంది.

మధ్యాహ్నం ఎండ వరండాలోకి వచ్చింది. దిమ్మె నడుము సన్నబడి రెండుగా విరిగింది. తడి గచ్చు మీద చెప్పులు జారి పడ్డాయి. తుడవడానికి వచ్చిన ఆయా చిట్టెమ్మ ఒకటి తీసి తిరగేసి చూసింది.

"టీచరుగారండి! ఇవి కొత్తవండి!"

"ఏంటి?"

"కొత్తవండీ బాబూ! చూడండి, అడుగున గళ్ళు కూడా అరగలేదు. నెంబరు చీటీ అంటుకునే ఉంది. ఏడో నెంబరు. నాకు సరిపోద్ది." చిట్టెమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నేను తీసుకోనాండి? అంటే, మీకేసిన దండ కదా, తప్పేమో..."

మాణిక్యాంబ వంగి ఒక్కొక్క చెప్పూ తిరగేసింది. అన్నీ కొత్తవే. ఒక్కదానికీ మట్టి లేదు, కాలి ముద్ర లేదు.

ఈ ఊళ్ళో కడుపు మండినవాడు కాలికున్నది తీసి విసురుతాడు. లేదా దిబ్బ మీది తెగిన చెప్పులు ఏరి గుచ్చుతాడు. షాపుకి వెళ్ళి, కొత్త జతలు బేరమాడి, సంచిలో వేయించుకుని రాడు. ఇది తన మీద కోపం ఉన్నవాడి పని కాదు. తిట్టడానికి కూడా మొహమాటపడిన మనిషి పని.

"తప్పేమీ లేదు. తొడుక్కో," అంది.

చిట్టెమ్మ తొడుక్కుని నాలుగడుగులు వేసి చూసుకుంది. "మెత్తగా ఉన్నాయండి. ఎవడో గానీ నాసిరకం కొనలేదు."

*

మర్నాడు బడి అయ్యాక మాణిక్యాంబ హరిబాబు ఇంటికి వెళ్ళింది. పంటకాలవ గట్టు మీద తాటాకు ఇల్లు. హరిబాబు భార్య బుజ్జమ్మ వాకిట్లో కత్తిపీట ముందు కూర్చుని చేపలు తోముతోంది. లేవలేదు.

"మళ్ళీ ఏం చెయ్యడానికొచ్చారండి? కొడుకు చదువు పోయింది. మొగుడి పని పోయింది. ఇంక ఈ కత్తిపీటే మిగిలింది, పట్టుకుపోతారా?"

"ఊరుకోవే," అంటూ హరిబాబు లోపలి నుంచి నులకమంచం తెచ్చి వాల్చాడు. చెంప మీద వేళ్ళ వాపు ఇంకా తగ్గలేదు. "కూర్చోండి టీచరుగారూ."

"హరిబాబుగారూ, ఒక్క మాట అడుగుతాను. మొన్న సాయంత్రం ఆ దిమ్మెకి నడిమి నీళ్ళు తోడింది ఎవరు?"

హరిబాబు తువాలు భుజం మార్చుకున్నాడు. "నేను లేనండి. చెరువు పట్టుబడి ఉందని లారీ మీద ఐసుతో పంపించారు. వచ్చేసరికి చీకటి పడిపోయింది."

"ఎవరు పంపించారు?"

"పని అన్నాక ఎవరో ఒకరు పంపిస్తారు కదండి."

"ఏటా పూల దిమ్మె మీరే చేస్తారు. ఈసారి పూలు ఎవరు దింపారు?"

బుజ్జమ్మ చేప తోమడం ఆపింది.

"చెప్పవేం? నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను. టీచరమ్మగారి దిమ్మె కదా, పూలు నా చేత్తో నేనే పెడతాను, నువ్వు లారీ ఎక్కు అన్నారంట ఫ్యాక్టరీ రాజుగారు. ఆ ముక్క రాత్రి నాతో అన్నాడండి. అని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు."

"బుజ్జీ!"

"అరవకు! పొద్దున రాజుగారే వచ్చారండి ఇక్కడికి. ఈ మంచం మీదే కూర్చున్నారు. రేపు టీచరుగారు సన్మానానికి రాకపోతే గొడవ దానంతటదే చల్లారిపోద్ది, ఎల్లుండి నుంచి పనిలోకి వచ్చెయ్, జీతం కూడా పెంచుతాను అన్నారు. ఆవిడకి ఎలాగోలా నచ్చచెప్పమన్నారు." బుజ్జమ్మ తడి చేతులతోనే దణ్ణం పెట్టింది. చేప పొలుసులు మణికట్టు మీద మెరిశాయి. "రేపు మీరు వెళ్ళకండి. మీకు నెల తిరిగేసరికి జీతం వస్తది. ఇంకో ఊరు వెళ్ళినా వస్తది. మేం ఎక్కడికి పోతామండి?"

మాణిక్యాంబకి ఫలితాల రోజు గుర్తొచ్చింది. పల్లంరాజు కూతురు లక్ష్మీప్రసన్న తన దగ్గరే చదివింది. స్లిప్పులు అందని ఆ పరీక్షలో సొంతంగా రాసి ఫస్ట్ క్లాసు తెచ్చుకుంది. ఫలితాలు వచ్చిన రోజు పల్లంరాజు కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఈ ఏడు సన్మానం మీకేనండి అన్నాడు. మైకు ఆటోలో ఊరంతా చెప్పించాడు. ఆ మాటా నిజమే. ఈ చెప్పులూ నిజమే.

"మీకు తెలిసిపోయిందండి," అన్నాడు హరిబాబు. "ఎవరితోనూ అనకండి. దెబ్బదేముంది, మానిపోద్ది. పని పోతే మళ్ళీ దొరకదు."

"ఆయన పేరు నేను చెప్పను. కానీ రేపు నేను వెళ్తాను. మీరూ రావాలి. వెనకాల నిలబడినా చాలు."

"ఎందుకండి?"

"మీరు రాకపోతే దొంగ మీరే అవుతారు కాబట్టి."

బుజ్జమ్మ కత్తిపీట మీదికి వంగింది. "చదువుకున్నోళ్ళకి రోషం, మాకు పస్తులు," అంది, చేపతో చెబుతున్నట్టు.

*

ప్రతి సంవత్సరం సన్మానానికి సగం కుర్చీలు ఖాళీగా ఉండేవి. ఈసారి ఫ్యాక్టరీ ఆవరణలో షామియానా చాలలేదు. గోడల మీద కూడా ఎక్కారు. చెప్పుల సంగతి చుట్టుపక్కల ఊళ్ళకి కూడా పాకింది. కానుకల బల్ల మీద మాత్రం ఒక్క అరటి గెల కూడా లేదు. ఎప్పుడూ పూతరేకులు పంపే వీధివాళ్ళు మనుషుల్ని మాత్రమే పంపారు.

మాణిక్యాంబ జరీ అంచు నేతచీర కట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చుంది. ముందు వరసలో పెద్దిరాజు కాలు మీద కాలు వేసుకుని ఆమెనే చూస్తున్నాడు. హెడ్మాస్టరు మొహం పక్కకి తిప్పుకున్నాడు. లక్ష్మీప్రసన్న పళ్ళెంలో శాలువా పట్టుకుని నిలబడింది. పల్లంరాజు కొత్త సిల్కు చొక్కా అప్పుడే చెమటకి వీపుకి అంటుకుపోయింది.

ఆయన మైకుకి చెయ్యి అడ్డం పెట్టి ఆమె వైపు వంగాడు. "ఇప్పుడైనా మించిపోయింది లేదండి. తలనొప్పిగా ఉందని లేవండి. కారు సిద్ధంగా ఉంది. నేను సర్దిచెబుతాను."

"నాకు తలనొప్పి లేదండి."

"మీ మంచికే..."

"ఒకసారి మైకు ఇలా ఇవ్వండి."

కాదనలేక ఇచ్చాడు.

"అందరికీ నమస్కారం," అంది మాణిక్యాంబ. "ఈ శాలువా నేను తీసుకుంటాను. ఒకరు కప్పితేనే తీసుకుంటాను. మేస్త్రి హరిబాబుగారు కప్పాలి. ఆయన వెనకాల ఉన్నారు. పిలవండి."

షామియానా అంతా గోల లేచింది.

"చెప్పులేసినోడి చేత శాలువానా?" పెద్దిరాజు లేచి నిలబడ్డాడు. "ఏం రాజుగారూ, ఇదేం చోద్యం! ఆ నాటకం కూడా చూద్దాం. తీసుకురండ్రా వాణ్ణి!"

కుర్రాళ్ళు ముగ్గురు నలుగురు వెనక్కి దూకారు. హరిబాబు కాలరు పట్టుకుని కుర్చీల మధ్యలోంచి ఈడ్చుకొచ్చారు. చొక్కా గుండీలు తెగి పడ్డాయి. "ఒప్పుకోరా! ఆడమనిషికి చెప్పులు పెడతావా?" అని ఒకడు వీపు మీద గుద్దాడు. టీచర్ని రెండు రోజులుగా వెక్కిరించినవాళ్ళలో వాడూ ఉన్నాడు. హరిబాబు తల కాచుకున్నాడే గాని నోరు విప్పలేదు. గేటు దగ్గర బుజ్జమ్మ కేక పెట్టింది.

మాణిక్యాంబ ఎవరి పేరూ చెప్పలేదు. లేచి, స్టేజీ మెట్లు దిగి, కొట్టేవాళ్ళకీ హరిబాబుకీ మధ్య నిలబడింది. అక్కణ్ణించి పల్లంరాజు వైపు చూసింది.

"నాన్నా!" లక్ష్మీప్రసన్న శాలువా పళ్ళెం బల్ల మీద పెట్టేసింది. "ఆపించండి నాన్నా! ఎందుకలా చూస్తూ నిలబడ్డారు?"

పల్లంరాజు కూతురి వంక చూశాడు. పెద్దిరాజు వంక చూశాడు. మైకు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"వదలండి బాబూ. వదలండి, మీకు దణ్ణం పెడతాను. హరిబాబు చెయ్యలేదు. ఆ సాయంత్రం వాణ్ణి లారీ ఎక్కించింది నేనే. మధ్య నీళ్ళు తోడింది నేనే. దండ దింపింది నేనే. పొద్దున్నే టీచరుగార్ని పిలిపించిందీ, ఆవిడ చూడాలనే. చూసి ఏడుస్తుందనుకున్నానండి. ఇంట్లో తలుపేసుకుంటుంది, నేను సన్మానం చేస్తానన్న మాట మాటగానే ఉంటుంది, చెయ్యక్కర్లేకుండా పోతుంది అనుకున్నాను. నా కూతురికి చదువు చెప్పిన మనిషండి ఆవిడ. చెప్పుకోలేనంత మేలు చేసింది. సన్మానం చేస్తానని మనస్ఫూర్తిగానే అన్నాను. ఆ తర్వాత పెద్దిరాజుగారు వచ్చి, ఆవిడకి దండేస్తే మా చెరువులకి నీ ఐసు అక్కర్లేదు అన్నారు. సరేనండి అన్నాను. బదిలీ అర్జీ తెచ్చారు. దాని మీద పెద్దిరాజుగారి కింద సంతకం నాదేనండి. ఆవిడకి సన్మానానికి రావద్దని చెప్పడానికి మూడుసార్లు ఇంటిదాకా వెళ్ళాను. మూడుసార్లూ కాఫీ తాగి వచ్చేశాను. మొహం మీద ఎలా చెప్పనండి? పాత చెప్పులు గుచ్చడానికి కూడా చేతులు రాలేదు. పుట్టి బుద్ధెరిగాక నేను ఎవర్నీ కాదనలేదండి. మీ అందరికీ తెలుసు. ఆవిణ్ణి కాదనలేకపోయాను, పెద్దిరాజుగార్ని కాదనలేకపోయాను, ఇప్పుడు నా కూతురు అడిగితే దాన్నీ కాదనలేకపోతున్నాను. హరిబాబు ఇరవయ్యేళ్ళుగా నా దగ్గర చేస్తున్నాడు. వాడికి ఏ పాపం తెలీదని నాకొక్కడికే తెలుసు. ఆ పొద్దున వాడి చెంప పగలగొట్టడానికి మాత్రం నాకు ఏ మొహమాటమూ అడ్డం రాలేదండి."